నెలకి ఆరున్నర వేలు: మా ఆఫీసు కంప్యూటర్ల ఖాతా

2023 జూలై 24, సోమవారం. ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్నుల గడువుకి సరిగ్గా వారం ఉంది. పొద్దున తొమ్మిదిన్నరకి ఆఫీసు తాళం తీసి, అకౌంట్స్ రాసే ట్యాలీ సాఫ్ట్‌వేర్ డేటా అంతా ఉండే సిస్టం ఆన్ చేస్తే లోపల్నుంచి టక్ టక్‌మని చప్పుడు వచ్చింది. ఆపి మళ్ళీ ఆన్ చేశాను. అదే చప్పుడు. మూడోసారికి స్క్రీన్ మీద డిస్క్ దొరకడం లేదని వచ్చింది. పెన్‌డ్రైవ్‌లో ఉన్న బ్యాకప్ ఎప్పటిదా అని చూస్తే తొమ్మిది రోజుల కిందటిది.

భీమవరంలో ఒక ట్యాక్స్ కన్సల్టెంట్ గారి దగ్గర పదిహేనేళ్ళ నుంచి అకౌంట్స్ చూస్తున్నాను. ఏడు కంప్యూటర్లు, సార్‌తో కలిపి ఎనిమిది మందిమి. రైస్ మిల్లులు, రొయ్యల ఫీడ్ డీలర్లు, ఐస్ ఫ్యాక్టరీలు, బట్టల షాపులు, అన్నీ కలిపి నూట ఎనభై మంది దాకా ప్రతి నెలా జీఎస్టీ వేసే క్లయింట్లు ఉన్నారు. ఆ తొమ్మిది రోజుల్లో ఎంటర్ చేసిన బిల్లులన్నీ మళ్ళీ కొట్టాల్సి వచ్చింది. ముగ్గురం నాలుగు రాత్రులు కూర్చున్నాం. హైదరాబాద్‌లో డేటా రికవరీ చేసేవాళ్ళని అడిగితే 18 వేలు అన్నారు, వస్తుందన్న గ్యారంటీ మాత్రం ఇవ్వలేమన్నారు. రిటర్నులు ఎలాగో గడువులోపే వెళ్ళాయి. కానీ ఆ వారం మా ఇంట్లో వంట ఎవరు చేశారో, పిల్లలు ఏం తిన్నారో నాకు ఇప్పటికీ సరిగ్గా గుర్తులేదు.

ఆ డిస్క్ 2016లో కొన్నది. ఏడేళ్ళు, రోజుకి పది గంటలు తిరిగింది. అది పోవడంలో వింతేమీ లేదు. పోతుందని ముందే తెలిసిన వస్తువు కోసం ఏడేళ్ళలో ఒక్క రూపాయి కూడా పక్కన పెట్టకపోవడమే నన్ను ఎక్కువ బాధపెట్టింది. ఎందుకంటే మేం చేసే పనే అది. ప్రతి మార్చి నెలాఖరుకీ క్లయింట్ల పుస్తకాల్లో కంప్యూటర్ల మీద 40 శాతం తరుగుదల, అంటే వాడకంతో తగ్గే విలువ, రాస్తాం. కంపెనీ అయితే, కంపెనీల చట్టం రెండో షెడ్యూల్ ప్రకారం డెస్క్‌టాప్‌కీ లాప్‌టాప్‌కీ ఆయుష్షు మూడేళ్ళు అని, సర్వర్లకి ఆరేళ్ళు అని చూసి మరీ వేస్తాం. పుస్తకంలో విలువ తగ్గిపోతూ ఉంటుంది, పన్ను కూడా కాస్త తగ్గుతుంది, కానీ ఆ తగ్గిన విలువకి సరిపడా డబ్బు ఎక్కడా చేరదు. తరుగుదల అనేది రాత మాత్రమే, డబ్బు కాదు. ఇది అకౌంట్స్ చదివిన ప్రతివాళ్ళకీ తెలుసు, అయినా చిన్న ఆఫీసుల్లో ఎవరూ ఆ రెండో సగం చేయరు.

ఆగస్టు మొదటి వారంలో సార్ కాస్త తీరిగ్గా ఉన్న రోజు చూసి ఒక కాగితం తీసుకెళ్ళాను. సార్ మంచి మనిషి, ఖర్చుకి వెనకాడే రకం కాదు, కానీ కంప్యూటర్ విషయంలో ఆయన మాట ఎప్పుడూ ఒక్కటే: “నడుస్తోంది కదమ్మా.” నడుస్తోంది నిజమే. ఎలా నడుస్తోందో రాసి చూపించాలనిపించింది.

మా దగ్గర కొనుగోలు, అమ్మకం బిల్లులు ఎంటర్ చేసే అమ్మాయి ఒకరున్నారు. ఆఫీసులో అందరికంటే ఎక్కువ కొట్టేది ఆ అమ్మాయే, అందరికంటే పాత సిస్టం ఉండేదీ ఆ అమ్మాయి దగ్గరే. కొత్త కంప్యూటర్ వస్తే సార్ క్యాబిన్‌లోకి వెళ్తుంది, సార్ పాతది నాకు, నా పాతది పక్క సీటుకి, అలా దిగుతూ దిగుతూ చివరికి బాగా అలసిపోయిన మెషీన్ ఎక్కువ పని చేసే మనిషి ముందుకి చేరుతుంది. చాలా ఆఫీసుల్లో ఇదే వరస. నేను ఆ అమ్మాయిని ఒక వారం పాటు ఒక చిన్న నోట్‌బుక్‌లో రాయమన్నాను, సిస్టం కోసం ఎన్ని నిమిషాలు చేతులు కట్టుకుని కూర్చోవాల్సి వస్తోందో. పొద్దున ఆన్ అవడానికి ఏడు నిమిషాలు. ట్యాలీ తెరుచుకోవడానికి రెండు. జీఎస్టీ పోర్టల్, ఎక్సెల్, వాట్సాప్ వెబ్ మూడూ ఒకేసారి తెరిస్తే బిగుసుకుపోవడం, పెన్‌డ్రైవ్‌లాంటి డిజిటల్ సంతకం టోకెన్ పెడితే గుర్తించకపోవడం, మళ్ళీ రీస్టార్ట్. సగటున రోజుకి 25 నిమిషాలు తేలింది.

నెలకి 26 రోజులు అనుకుంటే 650 నిమిషాలు, దాదాపు పదకొండు గంటలు. ఆ అమ్మాయి జీతం 15 వేలు, అంటే రోజుకి ఎనిమిది గంటల లెక్కన గంటకి 72 రూపాయలు. నెలకి 780 రూపాయల జీతం కంప్యూటర్ ముందు ఎదురుచూడడానికే పోతోంది. కొత్త డెస్క్‌టాప్ అప్పట్లో మానిటర్‌తో, ఒరిజినల్ విండోస్‌తో, జీఎస్టీ కలిపి 42 వేలు చెప్పారు. అయిదేళ్ళు వాడతాం అనుకుంటే 60 నెలలు, నెలకి 700. అంటే పాత కంప్యూటర్‌ని ఉంచుకోవడం, కొత్తది కొనడం కంటే ఖరీదు. కాగితం మీద ఈ రెండు అంకెలూ పక్కపక్కనే చూసి సార్ చాలాసేపు ఏమీ అనలేదు.

నిజానికి ఆ 780 రూపాయలు ఆఫీసు జేబులోంచి పోవడం లేదని నాకు అప్పుడే తెలుసు. ఆ అమ్మాయి వీరవాసరం వైపు నుంచి బస్సులో వస్తుంది. కూర్చోబెట్టిన ఆ అరగంట ఆఫీసుది కాదు, ఆ అమ్మాయిది. పని మిగిలిపోతే సాయంత్రం ఉండి పూర్తి చేసి, ఆరున్నర బస్సు వదిలేసి ఏడున్నర బస్సెక్కేది. ఇది కూడా సార్‌కి చెప్పాను. అంకెల కంటే ఈ మాటకే ఆయన మొహం మారింది.

తర్వాత మొత్తం లెక్క వేశాం. ఏడు సిస్టమ్‌లు, ఒక్కోదానికి నెలకి 700, అంటే 4,900. యూపీఎస్ బ్యాటరీలు అందరూ మర్చిపోతారు. చిన్న యూపీఎస్‌లో ఉండేది 12 వోల్టుల 7 ఏహెచ్ బ్యాటరీ, మా ఊరి ఉక్కకీ వేసవి కరెంటు కోతలకీ రెండు, రెండున్నరేళ్ళకి మించి రావడం లేదు, ఒక్కోటి వెయ్యి రూపాయల లెక్కన నెలకి ఒక 250 పెట్టాం. ప్రింటర్ కోసం 420. బ్యాకప్ తీసుకునే బయటి హార్డ్ డిస్కులు రెండు, నాలుగేళ్ళకోసారి మార్చేట్టు 210. మౌసులు, కీబోర్డులు, రిపేర్లకి 500. అన్నీ కూడితే 6,280. గుండ్రంగా 6,500 అనుకున్నాం. నూట ఎనభై మంది క్లయింట్ల మీద పంచితే ఒక్కొక్కరి మీద నెలకి 36 రూపాయలు పడుతుంది. మా ఆఫీసులో నెలకి టీలకి ఇంతకంటే ఎక్కువే అవుతుంది.

డబ్బు ఎక్కడ దాచాలి అన్నదాని మీద కొంచెం వాదన జరిగింది. సార్ చీటీ వేద్దాం అన్నారు, అవసరం వచ్చినప్పుడు పాడుకోవచ్చని. నాకు ఒప్పబుద్ధి కాలేదు. డిస్క్ పోయిన రోజే చీటీ పాడాలంటే ఎంత డబ్బు వదులుకునైనా పాడాల్సి వస్తుంది, అందులోనే సగం సిస్టం ఖరీదు పోతుంది. ఆఫీసు కరెంట్ ఖాతాలోనే ఉంచుదాం అంటే అది ఉండదు, దసరా బోనస్‌లకో ఇంకోదానికో కరిగిపోతుంది. చివరికి బ్యాంకులో ఆర్‌డీ (రికరింగ్ డిపాజిట్) తెరిచాం, నెల నెలా ఒకటో తారీఖున జీతాలతో పాటు దానంతట అదే వెళ్ళేట్టు. జీతాలతో పాటు అన్నది కావాలని పెట్టిందే. ఆఫీసులో జీతం ఆపాలని ఎవరికీ అనిపించదు, ఇదీ ఆ వరసలో చేరితే దీన్ని కూడా ఆపరు.

ఆర్‌డీ మే నెలలో చేతికొచ్చేట్టు చూసుకున్నాం, దానికి కారణం ఉంది. మా పనికి జూలై నుంచి అక్టోబరు దాకా ఊపిరాడదు: అప్పటి గడువుల ప్రకారం జూలై 31 రిటర్నులు, సెప్టెంబరు 30 ఆడిట్ రిపోర్టులు, మధ్యలో ప్రతి నెలా 11న జీఎస్టీఆర్-1 (అమ్మకాల వివరాలు), 20న 3బి (పన్ను కట్టే రిటర్ను). ఆ సమయంలో కొత్త సిస్టం తెచ్చి, ట్యాలీ ఎక్కించి, టోకెన్ డ్రైవర్లు, ప్రింటర్ అన్నీ మళ్ళీ కుదుర్చుకోవాలంటే టెన్షన్. మే 31కి టీడీఎస్ (ముందే కోసుకున్న పన్ను) రిటర్ను అయిపోయాక జూన్ మొదటి వారం కాస్త ఖాళీ. ఇంకొకటి, కొన్న ఆర్థిక సంవత్సరంలో 180 రోజుల కంటే తక్కువ వాడితే తరుగుదల సగమే, 40 బదులు 20 శాతమే వస్తుంది. అక్టోబరు మొదటి రెండు మూడు రోజుల్లోపు వాడకంలోకి వస్తేనే పూర్తి శాతం. చాలామంది మార్చి ఆఖరి వారంలో పన్ను తగ్గించుకుందామని హడావుడిగా కొంటారు, వాళ్ళకి దక్కేది ఆ సగమే.

42 వేల బిల్లులో అసలు ధర 35,593, జీఎస్టీ 18 శాతం 6,407. జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉన్న ఆఫీసైతే ఆ 6,407 క్రెడిట్‌గా, అంటే కట్టాల్సిన జీఎస్టీలో తగ్గింపుగా, వెనక్కి వస్తుంది, కానీ బిల్లు మీద మన జీఎస్టీ నంబరు ఉండాలి. షాపులో యజమాని సొంత పేరు మీద, ఫోన్ నంబరు మీద బిల్లు కొట్టించుకుని వచ్చే క్లయింట్లు మాకు ప్రతి సంవత్సరం ఉంటారు. తర్వాత సరిచేయించడానికి షాపు చుట్టూ తిరగాలి. క్రెడిట్ తీసుకున్నాక తరుగుదల 35,593 మీదే వేయాలి, మొత్తం 42 వేల మీద కాదు, రెండు చోట్లా తీసుకోకూడదు. 40 శాతం చొప్పున తగ్గుకుంటూ వెళ్తే అయిదేళ్ళకి పుస్తకంలో 2,768 రూపాయలు మిగులుతుంది. అసలు సిస్టం కూడా దాదాపు అప్పటికి ఆ విలువలోనే ఉంటుంది, ఆ విషయంలో చట్టం అంచనా బాగానే కుదిరింది.

2023 ఆగస్టులోనే చేసిన మొదటి ఖర్చు కొత్త కంప్యూటర్ కాదు. మూడు పాత సిస్టమ్‌లలో హార్డ్ డిస్క్ తీసేసి ఎస్ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని వేగమైన డిస్క్), అదనంగా 8 జీబీ ర్యామ్ వేయించాం. ఒక్కోదానికి 3,200, మొత్తం 9,600 అయింది. ఏడు నిమిషాల బూటింగ్ నలభై సెకన్లకి వచ్చింది. ఆ రోజు ఆ అమ్మాయి “అక్కా, ఇది నా సిస్టమేనా” అని రెండుసార్లు అడిగింది. హార్డ్ డిస్క్ మీద నడిచే కంప్యూటర్ మీ ఆఫీసులో ఇంకా ఉంటే, ప్రాసెసర్ మరీ పాతది కాకపోతే, ముందు ఈ పని చేయండి. రెండు మూడేళ్ళ ఆయుష్షు చవగ్గా దొరుకుతుంది. అంతకంటే ఎక్కువ ఆశించకూడదు, ఎందుకంటే మదర్‌బోర్డు, లోపల కరెంటు అందించే ఎస్ఎంపీఎస్ పాతవే.

2024 జూన్‌లో ఒక కొత్త సిస్టం కొన్నాం. అది నేరుగా ఆ అమ్మాయి టేబుల్ మీదకే వెళ్ళింది. సార్ క్యాబిన్‌లో ఉన్న 2019 మెషీన్ అక్కడే ఉంది, ఆయన ఎక్కువగా ఫోన్‌లో మాట్లాడతారు, బ్యాలెన్స్ షీట్లు చూస్తారు, సంతకాలు చేస్తారు, దానికి అది చాలు. ఈ ఒక్క మార్పు ఒప్పుకున్నందుకు సార్ మీద నాకు గౌరవం పెరిగింది. క్లయింట్లు వచ్చి చూసేది ఆయన టేబుల్‌నే కదా, చిన్నతనంగా అనిపించే అవకాశం ఉంది, అయినా ఒప్పుకున్నారు.

అసలు పరీక్ష 2025లో వచ్చింది. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2025 అక్టోబరు 14తో ముగుస్తుందని ముందే ప్రకటించింది. విండోస్ 11 ఎక్కాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి, ఇంటెల్ అయితే సుమారుగా ఎనిమిదో తరం ప్రాసెసర్ నుంచే. మా దగ్గర మిగిలిన మూడు 2016 మెషీన్లు ఆరో తరం ఐ3వి, దాన్ని ఎక్కించుకోలేవు. డబ్బు కట్టి సెక్యూరిటీ అప్‌డేట్లు కొనసాగించుకునే దారి ఒకటుంది, సంస్థలకి మొదటి ఏడాది మెషీన్‌కి 61 డాలర్లు, ఏటా రెండింతలు, మూడేళ్ళ వరకే. మూడేళ్ళూ కడితే 427 డాలర్లు, అంటే ఇంచుమించు కొత్త సీపీయూ ఖరీదు. పాత మెషీన్‌కి అంత పెట్టడంలో అర్థం లేదనిపించింది. అప్‌డేట్లు లేకుండా అలాగే వాడేద్దాం అని ఊళ్ళో చాలామంది అన్నారు. మా దగ్గర వందల మంది పాన్, ఆధార్, బ్యాంకు వివరాలు, పోర్టల్ పాస్‌వర్డ్‌లు ఉన్నాయి. నమ్మి ఇచ్చినవి. అందుకే ఆ మాట నాకు రుచించలేదు. అదే కారణంతో దొంగ విండోస్ వేసి, యాక్టివేటర్ నడిపి ఇచ్చే అసెంబుల్డ్ సిస్టం అయిదారు వేలు తక్కువకి వస్తుందన్నా వద్దన్నాం. ఇంటి తాళం చెవి ఎవరో తెలియనివాడి చేతికి ఇవ్వడం లాంటిది అది.

2023 ఆగస్టు నుంచి 2025 మే దాకా 22 నెలలు, 1,43,000 చేరింది, వడ్డీ కాక. అందులో ఎస్ఎస్‌డీలకి 9,600, 2024 సిస్టంకి 42 వేలు, బ్యాటరీలకి ఒక నాలుగు వేలు పోయాయి. మిగిలినదాంట్లో 66 వేలకి రెండు కొత్త సీపీయూలు తీసుకున్నాం, మానిటర్లు పాతవే. మానిటర్ మార్చాల్సిన పని ఎప్పుడో గాని రాదు, అది తెలియక ప్రతిసారీ సెట్ మొత్తం కొంటారు. మూడో దానికి 18 వేలు పెట్టి పెద్ద కంపెనీల్లో లీజు అయిపోయి బయటికొచ్చిన రీఫర్బిష్డ్ మెషీన్ కొన్నాం, ఎనిమిదో తరం ఐ5, ఏడాది వారంటీ. స్కానింగ్‌కీ పోర్టల్ పనులకీ అది కొత్తదానిలాగే పనిచేస్తోంది. ట్యాలీ డేటా ఉండే సిస్టంగా మాత్రం రీఫర్బిష్డ్ పెట్టను, అక్కడ కొత్తదే, మూడేళ్ళ ఆన్‌సైట్ వారంటీతోనే. పండుగ ముందు రోజు పోతే ఇంటికొచ్చి బాగుచేసే మనిషి ఉండడం, ఐ3నా ఐ5నా అన్నదానికంటే ముఖ్యం. ఎవరి దగ్గరా అప్పు చేయలేదు, క్రెడిట్ కార్డు గీకలేదు, అక్టోబరు 14 మాకు మామూలు మంగళవారంలాగే గడిచింది.

పాత వాటిని ఏం చేశామో కూడా చెప్పాలి. డిస్కులన్నీ ముందే పీకేశాం. ఫైళ్ళు డిలీట్ చేసినా, ఫార్మాట్ చేసినా హార్డ్ డిస్క్‌లోంచి వెనక్కి తీసేవాళ్ళు ఉంటారు, అందుకని వాటికి డ్రిల్లింగ్ మెషీన్‌తో కన్నాలు పెట్టించాం. ఎస్ఎస్‌డీలు మేమే ఉంచుకున్నాం. ఖాళీ డబ్బాలు పాత సామాన్లవాళ్ళకి వేయకుండా, రిజిస్టర్ అయిన ఈ-వ్యర్థాల రీసైక్లర్‌కి చేర్చే షాపుకే ఇచ్చాం. కాల్చి రాగి తీస్తే ఆ పొగ పీల్చేది ఎక్కడో ఒక పిల్లాడే.

ఇంకో చిన్న అలవాటు పెట్టుకున్నాం. ప్రతి ఏప్రిల్ ఒకటిన క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఏడు డిస్కులూ చూసి, కొన్న తేదీ, వారంటీ ముగిసే తేదీ, డిస్క్ పరిస్థితి ఒకే కాగితం మీద రాసి గోడకి అంటిస్తాను. పసుపు రంగులో హెచ్చరిక చూపిస్తే ఆ డిస్క్ ఇంకా నడుస్తున్నా సరే మార్చేస్తాం. ఆ 2016 డిస్క్‌కి ఈ పరీక్ష చేసి ఉంటే ముందే తెలిసేదేమో అని ఇప్పటికీ అనుకుంటాను. బ్యాకప్ ఇప్పుడు రోజూ సాయంత్రం, రెండు బయటి డిస్కుల్లో మార్చి మార్చి, ఒకటి ఎప్పుడూ సార్ ఇంట్లో ఉంటుంది. కొత్త కంప్యూటర్ కొన్నాం కదా అని బ్యాకప్ మానేసేవాళ్ళని చూశాను. అవి రెండూ వేర్వేరు పనులు.

ఈ ఏడాది లెక్క మళ్ళీ కదిలింది. ఏఐ డేటా సెంటర్లకి మెమరీ చిప్‌లు పోతుండడంతో 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు విపరీతంగా పెరిగాయి. క్రూషియల్ పేరుతో మనలాంటివాళ్ళకి ర్యామ్, ఎస్ఎస్‌డీలు అమ్మే వ్యాపారాన్నే ఆపేస్తున్నట్టు మైక్రాన్ 2025 డిసెంబరులో ప్రకటించింది. మేం 2023లో కొన్న 8 జీబీ ర్యామ్ ఇప్పుడు అడిగితే రెండింతలు దాటి చెప్పారు. 42 వేల సిస్టం ఇక 42కి రాదు. కాగితం మళ్ళీ సార్ దగ్గరికి తీసుకెళ్ళాను, నెలకి 7,500 చేయాలని. ఈసారి “నడుస్తోంది కదమ్మా” అనలేదు, ఏది మార్చాలి, ఎప్పటికి అని అడిగారు. ఆయన క్యాబిన్‌లో ఉన్న 2019దే తర్వాతి వరుసలో ఉందని చెప్పాను. దానికి తొందర లేదు, ముందు స్కానింగ్ సీటుది చూడమన్నారు. ఒకటో తారీఖున కొత్త మొత్తం వెళ్ళింది.